ముజ్నా తెల్లగిన్నె

మా దోఆన్ లోయలో పుట్టిన బిడ్డను మొట్టమొదట చేతుల్లోకి తీసుకొనేది మంత్రసాని ముజ్నా. పుట్టకుండానే పోయినదానిని చూచి, అది ఏమిటో చెప్పవలసినదీ ఆమెయే. ఈ రెండవ పనిని గురించి ఊరివారు పెద్దగా మాట్లాడుకొనేవారు కారు.

గర్భం జారిన ఇంటికి ఆమె ఒక తెల్ల పింగాణీ గిన్నెతో వెళ్లేది. ఉప్పు కలిపిన నీటిలో జారినదానిని ఉంచి, కిటికీ వెలుతురులో ఖర్జూరపు ముల్లుతో మెల్లగా విప్పి చూచేది. మొదట బిందువు, పిమ్మట నెత్తుటిగడ్డ, ఆపైన నమిలినట్లుండే మాంసపు ముద్ద. అంతవరకు ఆమె లెక్కలో అది రక్తమే. మనిషి రూపురేఖ ఒక్కటి ఏర్పడినా శిశువు. శిశువైతే గుడ్డలో చుట్టి శ్మశానంలో పూడ్చేవారు. తల్లికి నలభై రోజుల బాలింత విశ్రాంతి దక్కేది. రక్తమైతే పెరటి మట్టి చాలును. కోడలు మరునాడే పనిలోకి దిగేది. ఇది మా ఊరి ఆచారం.

ఒక ఏడు రేగుచెట్లు పూచిన కాలంలో మగవారు తేనెటీగల గూళ్లతో ఎగువ లోయకు తరలిపోయారు. అప్పుడు ఫత్తూమ్ కోడలు బర్కాకు గర్భం జారింది. అది రెండవసారి. మొదటిసారి ముజ్నా రక్తమని చెప్పగా, బర్కా మరునాడే గడ్డిమోపు ఎత్తుకొని, చేను గట్టుమీదనే కూలిపోయింది.

"చూడ్డానికేముందే ముజ్నా? చిక్కుడుగింజంత లేదు. అవతల గడ్డి ముదిరిపోతోంది, కోసే దిక్కు లేదు," అన్నది ఫత్తూమ్.

"గడ్డి సంగతి మేకలకు చెప్పుకో ఫత్తూమక్కా. నన్ను చూడనీ."

లోపలి గది నుండి బర్కా పిలిచింది. "పిన్నీ, ఈసారైనా సరిగ్గా చూడు."

"పోయినసారీ సరిగ్గానే చూశానమ్మా. నోరు మూసుకుని పడుకో."

ముజ్నా గిన్నెను వెలుతురుకు అటూ ఇటూ తిప్పింది. ఒంగిన చిన్న వీపు కనబడింది. దాని పక్కన చేయి గరిటెవలె చదునుగా ఉన్నది. వేళ్లు విడివడలేదు; కాని ఆ చదును అంచున, ఖర్జూరపు గింజమీది గాడివంటి సన్నని గీతలు పడి ఉన్నవి. మసీదులో మధ్యాహ్నపు పిలుపు మొదలై ముగిసింది. ఆమె అప్పటికి తలయెత్తింది.

"శిశువే."

"ఏవీ వేళ్లు? కోడలి మొర విని కరిగిపోయావు!"

"వేళ్లు విడలేదు. విడాల్సిన చోట గీతలు పడ్డాయి. నమ్మకపోతే నువ్వే చూసుకో."

ఫత్తూమ్ గిన్నెను అందుకొని కిటికీ వద్దకు నడిచింది. ఆమె చూపు మందం, గీతలు ఆనలేదు.

"నీ మొహం. గీతలూ లేవు, గాడిదగుడ్డూ లేదు... ఇదేంటే ఈ నల్లచుక్క? మిరియాలపొడి పడిందా?"

"కన్ను."

ఫత్తూమ్ ఇంతకుముందు ఒంటిచేత్తో ఆడించిన గిన్నెను ఇప్పుడు రెండు చేతులతో క్రిందికి దించింది. మూలనున్న తాటాకు టోపీ తలకు పెట్టుకొని, కొడవలి తీసుకొన్నది.

గడప దాటుతూ, "పాత తేనె అటకమీదుంది. బీటవారిన జాడీలోది కాదు, పక్కదాంట్లోది పెట్టు దానికి. వంచితే సగం కారబోస్తావు, జాగ్రత్త," అని చెప్పి చేనికి వెళ్లింది.

బర్కా తన పాత తలగుడ్డ అంచును చించి ఇచ్చింది. శిశువును అందులో చుడితే బొటనవ్రేలంత మూట అయింది.

"ఆడా, మగా పిన్నీ?"

"అది తెలిసేంత ఎదగలేదు."

"మరి పోయినసారిది? అదీ శిశువేనా..."

ముజ్నా తేనెజాడీ మూత విప్పుతున్నది. ఔననడం ఆమెకు కష్టమైన పని కాదు.

"రక్తమేనమ్మా."

బర్కా కొంతసేపు కన్నీరు కార్చింది. ఆపైన మూటను తన అరచేతిలో పెట్టించుకొని, తేనెకు నోరు తెరిచింది.