మా అత్తమ్మ ఇల్లు అటు దిక్కు

మొన్న మా సిద్దిపేటలోనే కంటి దవాఖానకు పోయాను. నర్సమ్మ రెండు కళ్లలో చుక్కలు వేసి, పిలిచేదాకా కదలొద్దని బెంచీ మీద కూర్చోబెట్టింది. కాసేపటికి ఎదుటి గోడ, మనుషులు, మొహాలు నానిన అటుకుల్లా మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. గోడమీది టీవీలో ఎవరో ఎడారి గురించి చెబుతున్నాడు. నాకు బొమ్మ లేదు, గొంతు మాత్రమే ఉంది. "ఈ ఇసుక కింద ఏముందో మీకు తెలుసా?" అని అడిగి ఆగాడు. ఆ ఆగిన సందులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, "నీళ్లుంటయి," అన్నాడు మెల్లగా. నేను నవ్వబోయి, నవ్వలేకపోయాను. టీవీ అడిగితే అట్లా బదులు చెప్పే మనిషి మా ఇంట్లో కూడా ఒకప్పుడు ఉండేది.

ఆమె మా మేనత్త, నాయినకు చెల్లెలు. తొగుట దిక్కున్న ఆమె ఊరు రిజర్వాయర్ కింద పోయాక మా మేడమీది గదిలోకి వచ్చింది. మామయ్య అంతకుముందే పోయాడు, పిల్లలు లేరు. నేనేమో పెళ్లి చేసుకోలేదు; పొద్దున బడికి పోతే దిద్దాల్సిన పిల్లల కాపీలు మోసుకుని సాయంత్రానికి తిరిగొచ్చే టీచరమ్మను. అప్పటిదాకా ఆమెతో పలికే ప్రాణి లేదు. ఊళ్లోనైతే గడపలో కూర్చుంటే చాలు, వచ్చేపోయేవాళ్లే ముచ్చట పెట్టేవారు. ఇక్కడ మెట్లెక్కి ఎవరొస్తారు? అందుకని గదిలో టీవీ పెట్టించాను. సీరియళ్లు ఆమెకు పట్టలేదు. "వాళ్లల్ల వాళ్లే కొట్లాడుకుంటరు. మన దిక్కు సూడనే సూడరు," అంది. ఆమెకు నచ్చినవల్లా డాక్యుమెంటరీలు. అందులోనూ టోపీ పెట్టుకుని కొండలూ అడవులూ తిరిగే ఒక తెల్లాయన. ఆయన పెదాలకూ తెలుగు డబ్బింగు మాటలకూ పొత్తు కుదిరేది కాదు. తంబాకు నములుతుండేమోలే అని అత్తమ్మ సరిపెట్టుకుంది.

పాఠాలు చెప్పి బతికినదాన్ని కాబట్టి నాకు ఆయన పనితనం మీద కొంచెం అసూయ ఉండేది. బురదలో జారిపడితే ఆ పడటాన్ని తీసేయకుండా అట్లే చూపించేవాడు. అప్పుడే మనకు సొంతమనిషి అయిపోయేవాడు. ముఖ్యమైన మాట వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు, అది మనొక్కరికే చెబుతున్నట్టు. "నాకూ తెలియదు, పదండి చూద్దాం," అనేవాడు. తెలియకుండానే అంతమంది కెమెరాలు మోసుకుని అంతదూరం పోతారా? కానీ ఆ ఒక్క మాటకు మా అత్తమ్మ ముందుకు జరిగి కూర్చునేది. ఆయన ఏదన్నా అడిగితే జవాబు చెప్పేది. "ఆయనకు నువ్వు కనవడవు అత్తమ్మా," అన్నాను ఒకసారి. "కనవడకుంటే గంత మంచిగ అడుగుతడా?" అంది. మధ్యలో టీవీ ఆపనిచ్చేది కాదు. మాట్లాడుతున్న మనిషి మొకం మీద తలుపు వేసినట్టుంటదట.

ఆ రోజుల్లోనే మునిగిన ఊళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తామని హైదరాబాద్ నుంచి కొందరు వచ్చారు. ముందుండి మాట్లాడేది ఒక పడుచుపిల్ల, కత్తిరించిన జుట్టు, మర్యాద తెలిసిన పిల్ల. అత్తమ్మ పెట్టె అడుగునుంచి గొల్లభామ చీర తీసి కట్టుకుంది. ఆ చిన్న చిన్న బొమ్మలు కెమెరాలో మిణుకుమంటాయని, పాత చీర ఏదన్నా ఉందా అని కెమెరా అబ్బాయి అడిగాడు. ఆమె లోపలికి పోయి, వెలిసిన నేత చీర కట్టుకుని వచ్చింది.

రిజర్వాయర్ కట్ట మీద ఆ పిల్ల అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఇంటి గురించి అడిగింది. అత్తమ్మ చెప్పింది: ఇంటిముందు కూర్చునే గద్దె, ఆ గద్దెకు ఆనించే మామయ్య సైకిలు, వానాకాలం వంటింట్లోకి వచ్చే కప్పలు, చివరి రోజు తాళం వేసి మళ్లీ తీసి మళ్లీ వేయడం. ఆ పిల్ల కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అప్పుడే పక్కనుంచి ఒక బండి పోయి సౌండు చెడిపోయింది. "ఇంకోసారి చెప్తారా అమ్మా?" అంది. అత్తమ్మ నావైపు తిరిగి, "ఇన్నది గద, మళ్లెందుకు?" అంది. రెండోసారి సగమే చెప్పింది.

తర్వాత ఆమెను నీళ్లవైపు తిరిగి నిలబడమన్నారు. ఆ పిల్ల కెమెరాలోకి చూస్తూ, నీళ్లకేసి నిలబడ్డ మాకు ఎడమవైపున చెయ్యి చాపి, "ఈ నీళ్ల కింద, సరిగ్గా ఇక్కడ, ఒక ఇల్లుండేది," అంది.

"గాడ గాదు బిడ్డా. మా ఇల్లు అటు దిక్కు," అంది అత్తమ్మ, కుడివైపు చూపిస్తూ.

అటు తిప్పితే ఎండ అడ్డం వస్తుందన్నాడు కెమెరా అబ్బాయి. ఆ పిల్ల నొచ్చుకుంటూనే అంది: "చూసేవాళ్లకు ఎటైనా ఒకటే కదమ్మా. మీ బాధ నిజమే కదా."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ, "నాతోని మాట్లాడినదానికంటె గా అద్దంల జూసి మాట్లాడిందే మంచిగుండె. అద్దంల ఎవరున్నరు?" అని అడిగింది.

"సూసేటోళ్లు అత్తమ్మా. ఇండ్లల్ల కూసోని నీలెక్క సూసేటోళ్లు."

"నేను ఆడనే ఉంటిని గద," అంది.

అది టీవీలో వచ్చిన సాయంత్రం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చూశాం. చీర సంగతి, ఎండ సంగతి, రెండోసారి చెప్పించిన సంగతి నాకు తెలుసు. అయినా ఆ పిల్ల "సరిగ్గా ఇక్కడ" అని ఆగేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు. అత్తమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మంచిగ జెప్పింది," అంది. కొంగు సర్దుకుని, "గని మా ఇల్లు అటు దిక్కు," అంది.

మర్నాటినుంచి మా వాడకట్టు మొదటిసారి ఆ మెట్లెక్కింది. అరటిపండ్లు పట్టుకుని వచ్చి, ఆమె కథను ఆమెకే చెప్పి, కళ్లు ఒత్తుకుని పోయేవారు. మొదట్లో అత్తమ్మ దిక్కు సరిచేసేది. అప్పుడు వాళ్ల మొహాల్లో చిన్న నిరాశ కనిపించేది, ఆమె ఏదో మరిచిపోయి మాట్లాడుతున్నట్టు. రానురాను సరిచేయడం మానేసింది. వచ్చినవాళ్లు ఇంకాసేపు కూర్చోవాలి కదా. కొన్నాళ్లకు వాళ్లూ రావడం మానేశారు.

మరుసటేడు పెత్తర అమాసకు మామయ్య పేరున ఇంత అన్నం పెట్టాలని, కట్ట మీదికి తీసుకుపొమ్మంది. విస్తరి చేతిలో పట్టుకుని నీళ్లను చూస్తూ నిలబడి, ఎడమవైపు తిరిగింది. "గిదే జాగ."

"అటు గద అత్తమ్మా?" అన్నాను.

ఆమె అటు చూసింది, ఇటు చూసింది. "టీవీల ఇటే జూపిచ్చిండ్రు గద కోడలా," అంది. తర్వాత చిన్నగా, "ఏమో. అంత నీళ్లే. గురుతు వడ్తలేదు," అంది.

సెలవుల్లో ఆ ఇంట్లో పెరిగినదాన్ని, నాకన్నా గుర్తుండాలి. కళ్లు మూసుకుంటే గద్దె రాలేదు, సైకిలు రాలేదు. ఎడమవైపు చాపిన ఆ పిల్ల చెయ్యే కనబడింది. అత్తమ్మ విస్తరి అటే పెట్టి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

ఆమె ఒక చలికాలం నిద్రలోనే పోయింది. మేడమీది గది కిరాయికి ఇమ్మని అడుగుతారు, ఇవ్వబుద్ధి కాదు. ఆ డాక్యుమెంటరీ ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది, చూసినవాళ్లు ఇంకా కంటనీరు పెట్టుకుంటూనే ఉన్నారు. ఆ ఊరి గల్లీలు ఎరిగిన మనుషులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. ఏండ్లు గడిచినకొద్దీ మనకు వయసు మీద పడుతుంది, టీవీలో బొమ్మకు పడదు; చివరికి మన జ్ఞాపకమే దాని మాట నమ్మి నడవడం మొదలుపెడుతుంది.