ఒక్క కరెంటు

"…ఆడికి పది రాసి నాకు ఒక్కటి రాస్తాదా ఆ డాక్టరమ్మ? ఆడిది ఎముకా, నాది తాటిమట్టా?"

"నెమ్మదిగా అనండి. గణపతిరావన్నయ్య లోపలే ఉన్నాడు, వినిపిస్తాది."

"విననీ!"

విశాఖలో ఆస్పత్రి వరండా బల్ల మీద వెంకటరావు, పక్కన భార్య బుజ్జమ్మ. వెంకటరావుది రాజాంలో ధాన్యం కొట్టు. గణపతిరావుది ఎదురు కొట్టు, అదీ ధాన్యమే. ఏళ్ల తరబడి ఒకరి కాటా మీద ఒకరు కన్నేసి బతికారు. జబ్బూ ఇంచుమించు ఒకేసారి వచ్చింది. వెంకటరావుకి ఊపిరితిత్తుల్లో పుట్టి వెన్నుకి పాకింది. గణపతిరావుకి పొత్తికడుపు కింద పుట్టి తుంటికి దిగింది. జబ్బు పోయేది కాదని, కరెంటు, అంటే రేడియేషను, పెడితే నొప్పి తగ్గుతుందని ఇద్దరికీ చెప్పారు. ఖర్చు కలిసొస్తుందని ఒకే కారులో వచ్చారు. గణపతిరావుకి రోజుకొకటి చొప్పున పది రాశారు. వెంకటరావుది మాత్రం ఆ పూటే మొదలై ఆ పూటే అయిపోయింది.

"అది సరే, అసిరయ్యకి ఏటి సెప్పమంటారు? ఈయేడు కుప్ప సూడ్డానికి ఎవరొస్తారని మళ్లీ ఫోన్ సేసేడు. ఈ అన్నయ్య మనుషులు అప్పుడే అడిగి ఎళ్లేరట."

"మిగతా తొమ్మిదీ పెట్టించుకుని నేనే వస్తానని సెప్పు."

పాలకొండ వైపు రైతులు వరి కోసి కుప్ప వేశాక, నూర్పుకి ముందే వెంకటరావు వెళ్లి చూడాలి. కుప్ప చుట్టూ ఓసారి తిరిగేవాడు. నడిమి నుంచి వరి వెన్నొకటి లాగి, గింజ కొరికి, తాలెంతో మనసులో తీసేసి, ఇన్ని బస్తాలని లెక్క కట్టి చెప్పేవాడు. ఆ మాట మీదే బేరం. అసిరయ్యలాంటి రైతులు గణపతిరావు కొట్టు దాటుకుని ఇతని దగ్గరికి వచ్చేది ఆ కంటి కోసమే. కొన్నేళ్లుగా బుజ్జమ్మ కూడా అతని వెనకే కళ్లాలు తిరుగుతోంది. ఈసారి తను వెళ్తానని ఒకసారి అంది. "నాకేటయ్యిందని?" అన్నాడు. ఆవిడ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కొద్ది రోజులకి వెన్ను నొప్పి సగానికి పైగా తగ్గింది. వెంకటరావు వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. పొద్దున్న లేవగానే అడిగిన మొదటి మాట, "ఆడి కారు ఎళ్లిపోయిందా?"

సాయంత్రాలు కొట్టు ముందు కుర్చీ వేయించుకుని ఎదురుచూసేవాడు. గణపతిరావు కారు తలుపు పట్టుకుని దిగేవాడు. దారిలో వాంతులయ్యాయని ముఖమే చెప్పేది. ఆ వాంతుల మీద కూడా వెంకటరావుకి కన్ను పడింది. అంత మందు పడితేనే గదా అన్ని వాంతులు! గుళ్లో పులిహోర పంచేటప్పుడు పక్కవాడి దొప్పలోకి చూసే బుద్ధి అతనికి చిన్నప్పట్నుంచీ ఉంది. ఇప్పుడు ఆ దొప్పలో ఉన్నది పులిహోర కాదు.

"ఏటి బావా, కాలు మీద కాలేసుకుని కూసున్నావు!" అని గణపతిరావు ఒకనాడు రోడ్డు అవతల్నుంచే కేకేశాడు. "ఒక్కదాంతో తప్పించుకున్నావు. అదృష్టమంటే నీదే!"

వెంకటరావు కుర్చీలోంచి లేచాడు. లోపలికి వచ్చి, "సూసేవా, ఎలా ఎక్కిరిస్తన్నాడో!" అన్నాడు.

"ఎక్కిరింత కాదు. ఆ మనిషి నిజంగానే అన్నాడు."

"నీకు ఆడెప్పుడూ మంచోడే!"

మళ్లీ చూపించుకోమన్న రోజున డాక్టరు శ్రీలలిత అతన్ని గుమ్మం దగ్గర్నుంచి కుర్చీ దాకా నడవమంది. దారిలో ఎక్కడ ఆగాడో చూసింది. పగలు ఎంతసేపు మంచం మీద ఉంటున్నాడో, ముద్ద ఎంత దిగుతోందో అడిగింది. వదులైన బెల్టు వంక చూసింది. వెంకటరావుకి ఆ చూపు ఎక్కడో చూసినట్టే అనిపించింది. కాసేపటికి తెలిసింది. ఈవిడ కుప్ప చుట్టూ తిరుగుతోంది.

"మిగతా తొమ్మిదీ ఎప్పుడు పెడతావమ్మా?"

"మిగతా ఏమీ లేవండీ. మీ నొప్పికి ఒకటి చేసే పనే పదీ చేస్తాయి. రోజూ అంత దూరం కారులో కుదిపి మిమ్మల్ని అలసగొట్టడం దేనికి?"

"గణపతికి అలుపు రాదా?"

"ఆయన సంగతి మీకు చెప్పకూడదు."

"పోనీ, నా సంగతి సెప్పు. కుప్ప సూసేవు గదా, ఎంత కట్టేవు?"

శ్రీలలిత బుజ్జమ్మ వైపు చూసింది. బుజ్జమ్మ తల ఊపింది.

"నెలలేనండీ. సంవత్సరం అనుకోవడం లేదు."

"మార్గశిరంలో కోతలు."

"అప్పటి దాకా అని ధైర్యంగా చెప్పలేను."

వెంకటరావు బెల్టు సర్దుకున్నాడు. "తెలిసినోడి కుప్పయితే నేనూ నాలుగు బస్తాలు ఎక్కువే కట్టీవోణ్ణి. ఆ మొహం సూసేక తక్కువ సెప్పడానికి నోరు రాదు. నువ్వూ అలాగే కట్టీసేవా?"

"కట్టే ఉంటానండీ. మా డాక్టర్లందరిదీ ఎక్కువ కట్టే కన్నే."

"అయితే గణపతికీ ఎక్కువే కట్టుంటావు," అన్నాడు. ఆ మాట అన్నాక అతని ముఖం కొంచెం తేటపడింది. బుజ్జమ్మ చూసి, చూడనట్టు సంచీలో కాగితాలు సర్దింది.

బయటికి వచ్చి వరండా బల్ల మీద కూర్చున్నాడు. కరెంటు గది ముందు గణపతిరావు తన వంతు కోసం గోడకి జారబడి, కళ్లు మూసుకుని ఉన్నాడు. వెంకటరావు అతన్ని కుప్పని చూసినట్టు చాలాసేపు చూశాడు. బుగ్గలు, మెడ, చొక్కాలో భుజాలు.

"ఫోన్ ఇలాగియ్యి," అన్నాడు బుజ్జమ్మతో.

అవతల అసిరయ్య ఎత్తాడు.

"ఒరే అసిరయ్యా, నేనే. ఈయేడు కుప్ప సూడ్డానికి నేను రాను. మా బుజ్జమ్మ వస్తాది. గణపతి మనుషులు ముందొచ్చినా, ఇది వచ్చీదాకా నడిమి వెన్ను తియ్యనీకు."