అవ్వ నేర్పిన దీర్ఘాలు

కంగారు పడ్డానంటే నా నోటికి పట్టపగ్గాలుండవు. ఆ పరుగులో ముందు నలిగిపోయేవి ఇంగ్లీషు దీర్ఘాలు. ‘షీప్’ అనబోతే ‘షిప్’ వచ్చేది, గొర్రె కాస్తా ఓడయ్యేది. డిగ్రీ చదివానన్న పేరే గానీ నా సంబడం ఇది.

అలాంటి నన్ను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడివాళ్ళు నర్సరీ టీచరు పనికి డెమో క్లాసు చెప్పమన్నారు. ఆ ఉద్యోగం నాకెంత కావాలో దేవుడికే తెలుసు. ఇంట్లో మా అవ్వ, అంటే అమ్మ, నేనూ బీడీలు చేస్తాం. తంబాకు వాసన లేని చీర కట్టుకుని పొద్దున్నే బస్సెక్కాలని నా ఆశ.

ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు చుడుతూ, ఫోన్లో పాఠం విని పలికేదాన్ని. ఎదురుగా కూర్చున్న అవ్వకు ఇంగ్లీషు రాదు గానీ, ఆమెవి పాము చెవులు.

“ఎందుకే గంత ఉరుకుతున్నవ్? ఎనుక పోలీసోళ్ళు వస్తుండ్రా?” అని ఒకనాడు కసిరింది. “గా ఫోన్ల పిల్ల సాగదీసినకాడ నువ్వు ఆకు చుట్టు. చుట్టుడు అయ్యేదాక ఇడవకు. టక్కున అన్నకాడ బీడీ మూతి మడువు, అయిపాయె!”

నవ్వొచ్చింది, అయినా చేసి చూశాను. ఓరి దేవుడా, కుదిరింది!

డెమో రోజు చేతిలో ఆకు లేదు. పెద్ద మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. మొదటి మాటకే నా నోరు పరుగందుకుంది, పిల్లలూ అంతే జోరుగా అప్పజెప్పారు. మేడమ్ గడియారం చూసుకుంది. ఇక అయిపోయిందిలే అనుకుంటుండగా నా వేళ్ళు వాటంతటవే గాలిలో ఆకు చుట్టసాగాయి. గొంతు నిదానించింది. ‘షీప్’ అన్నాను, నిండుగా. పిల్లలు కూడా వేళ్ళు తిప్పుతూ ‘షీప్’ అన్నారు.

ముందు వరస పాప ఎగిరి లేచింది. “టీచర్, మా అవ్వ గిట్లనే బీడీలు చేస్తది!”

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఏ వాసన ఇంటి దగ్గర వదిలి వచ్చాననుకున్నానో, అదే తరగతిలో గుప్పుమంది. మేడమ్ నా వేళ్ళ వంకే చూస్తోంది.

“మా అవ్వ సుత చేస్తది బిడ్డా,” అన్నాను. “నాకు గిది నేర్పింది ఆమెనే.”

సాయంత్రం ఇల్లు చేరేసరికి అవ్వ వాకిట్లోనే ఉంది. “ఏమన్నరే?”

“సోమవారం నుంచి పనికి రమ్మన్నరవ్వా,” అన్నాను, ఒక్క దీర్ఘమూ మింగకుండా.

అవ్వ చాట పక్కన పెట్టింది. “మల్ల జెప్పు,” అంది.