ఏప్రిల్‌లో చేయించని పరీక్ష

రైల్వే వర్క్‌షాపులో నా పని గూడ్సు వ్యాగన్లకు తేదీలు వేయడం. ఓవర్‌హాల్ పూర్తయి, అన్నీ బాగున్నాయని తేలిన వ్యాగన్ పక్కన స్టెన్సిల్ పెట్టి, మళ్లీ ఎప్పుడు తిరిగి రావాలో తెల్లరంగుతో కొడతాను. ఆ తేదీ పడిందంటే అప్పటిదాకా మా షాపు దాని మొహం చూడదు. ఇరవై ఆరేళ్లుగా ఇదే చేసి చేసి, లోకంలో ప్రతిదీ ఇలాగే నడుస్తుందనే జబ్బు నాకు పట్టుకుంది.

నిమ్‌పురాలో మా క్వార్టర్ వెనకే మురుగుకాల్వ. వానాకాలం సాయంత్రాలు అక్కడ నిలబడితే దోమలు ఎత్తుకుపోతాయి. పోయినేడు వానలు తగ్గాక పక్క లైనులో ఒక పెంపుడు కుక్క దగ్గి దగ్గి, పొట్ట ఉబ్బిపోయి చచ్చిపోయింది. గుండెలో పురుగులట, దోమకాటు వల్ల ఒంట్లోకి ఎక్కుతాయట. మా కుక్కకు అప్పటికి మూడేళ్లు. మర్నాడే నేనూ మా ఆవిడా దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇందా అనే పేటలోని పశువుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. ఆవిడ బొట్టు రక్తం తీసి చిన్న పట్టీ మీద వేసింది. కాసేపటికి ఒకటే గీత కనబడింది. పురుగు లేదంది.

‘లేదు’ అన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. తర్వాత ఆవిడ బెంగాలీ కలిపిన హిందీలో ఓపిగ్గా చాలా చెప్పింది. ఆ పట్టీకి ఎదిగిన పురుగులే దొరుకుతాయి. ఈ వానల్లో దోమ కుట్టి ఏమైనా ఎక్కించి ఉంటే అవి ఇంకా పిల్లలే, ఎదిగి కనబడడానికి ఆరు నెలలకు పైగా పడుతుంది. నెలకొక మాత్ర వేస్తే ఆ నెలలో ఎక్కిన పిల్లపురుగులు చస్తాయి. ఎదిగిపోయిన వాటిని అది అంత తేలిగ్గా ఏమీ చేయలేదు. అందుకని చలికాలంలోనూ ఒక్క నెల తప్పకూడదు, ఏప్రిల్ ఆఖర్లో మళ్లీ పరీక్షకు తీసుకురావాలి. నేను అన్నిటికీ ఠీక్ హై, ఠీక్ హై అని తలూపాను.

ఇంటికొచ్చి, షాపులో మిగిలిన రంగుతో దాని చెక్కగూటి మీద రెండు తేదీలు కొట్టాను. పైన ఆ అక్టోబరు, కింద మరుసటేడు అక్టోబరు. మా ఆవిడ చూసి మొహం చిట్లించింది.

“డాక్టర్ దీదీ ఏప్రిల్లో రమ్మన్నాది గదా. మీరేటి ఏడాదని రాసినారు?”

“ఫిట్ అయిపోయిన బండిని మధ్యలో ఎవుడైనా షాపులోకి తెస్తాడేటి? నా పని నాకు నేర్పుతావేటి?” అన్నాను.

ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. రెండు నెలలు మాత్ర వేశాను. డిసెంబరులో చలి ముదిరి దోమలు కనబడకపోయేసరికి ఆపేశాను. మా ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది, రెండుసార్లూ కసిరాను. మార్చిలో కాల్వ దగ్గర దోమలు మళ్లీ జుయ్యిమంటుంటే అప్పుడు మొదలుపెట్టాను. ఏప్రిల్‌లో ఇందాకు మూడుసార్లు వెళ్లాను, ఒకసారి ఫ్యాను బాగుచేయించడానికి, ఒకసారి చెప్పులకు, ఒకసారి ఊరికే. కుక్కను మాత్రం తీసుకెళ్లలేదు.

ఈ అక్టోబరులో, రాసుకున్న నెల తప్పకుండా, మా ఆవిడను వెంటబెట్టుకుని గొప్పగా తీసుకెళ్లాను. దసరా పూజల ముందు నుంచీ అది కొంచెం దగ్గుతోంది, దుమ్ము అనుకున్నాను. పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. ఏప్రిల్‌లో ఎందుకు రాలేదని డాక్టరమ్మ అడిగింది. మా ఆవిడే మాత్రలు ఆపిన సంగతితో సహా అన్నీ చెప్పేసింది. అవి ఆ వానల్లో ఎక్కినవో, మాత్ర లేని చలికాలంలో ఎక్కినవో ఇప్పుడు చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ వానలవే అయితే ఏప్రిల్ పరీక్షలోనే బయటపడేవి, ఊపిరితిత్తులు ఇంత పాడయ్యేవి కావు.

“అప్పుడే చెప్పాను కదా దాదా,” అంది డాక్టరమ్మ మెల్లగా, సొంత అన్నతో అన్నట్టు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఎదిగిన పురుగుల్ని చంపే ఇంజెక్షన్ ఇక్కడ దొరకడం కష్టమట. ఉన్న మందులతోనే నెమ్మదిగా నడపాలి, ఏడాది పైనే పట్టొచ్చు, బతుకుతుందని మాట ఇవ్వలేనంది. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి కాబట్టి అన్నాళ్లూ అది పరిగెత్తకూడదు, గెంతకూడదు, సంబరపడిపోకూడదు. కుక్కకు ఆ మాట ఎవరు చెప్పాలి?

నేను షిఫ్టు దిగి సైకిల్ మీద సందు తిరిగితే చాలు, గేటు దగ్గరకు దూకడం దానికి అలవాటు. ఇప్పుడు సందు మొదట్లోనే దిగి, సైకిల్ నడిపించుకుంటూ, వెనక తలుపు గుండా దొంగలా వస్తున్నాను. అయినా కనిపెట్టేస్తుంది. గొలుసు లాక్కుంటూ లేస్తుంది, తోకతో పాటు నడుమంతా ఊపేస్తుంది, అంతలో దగ్గు అందుకుంటుంది. పడుకోమని గట్టిగా కసురుతాను. చెవులు వాల్చి, పొట్ట నేలకానించి, తనేం తప్పు చేసిందో తెలియక నా మొహంలోకి చూస్తుంది. దగ్గరికెళ్లి తల నిమిరితే మళ్లీ లేస్తుంది. అందుకని నిమరకుండానే లోపలికి వెళ్లిపోతున్నాను.