తగలదు, రా పెద్దమ్మా

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసి "వసంతక్క పోయింది పాపా" అంది.

"రేపు ఆదివారం కదా" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీదు. ఆదివారం మా కారు రోజు.

హాస్పిటల్‌కి వెళ్ళేసరికి ముఖం మీద బట్ట కప్పేశారు. ఇంటికి తెచ్చి ఐస్ బాక్స్‌లో పెట్టాక, పెద్దమ్మ తమ్ముడు గోపి మామ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"కారు తాళం యాడ పెట్టినావు?"

అది మొదటి మాట. వెంటనే రెండోది.

"దాని కోసరమే కదా ఇన్నాళ్ళూ ఆమె ఎనకాల తిరిగినావు."

మా ఇంట్లో నాకు ముందే ఒక పేరుంది, నిలకడ లేనిదని. డిగ్రీ అయ్యాక రెండు ఉద్యోగాలు వదిలేశాను కాబట్టి. నిన్నటి నుంచి ఇది రెండో పేరు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. వసంత పెద్దమ్మకి పాండిచ్చేరిలో తేంగాయితిట్టు హార్బర్ దగ్గర బోటు ఇంజిన్ల స్పేర్ పార్ట్స్ షాపు. బోటు వాళ్ళందరికీ ఆమె "ఇంజిన్ అక్క". పెళ్ళి చేసుకోలేదు. యాభై దాటాక సెకండ్ హ్యాండ్‌లో ఒక ఐదు లీటర్ల V8 ఇంజిన్ కారు కొన్నది. నాలుగు వందల హార్స్‌పవర్ పైమాటే. పసుపు రంగు.

ఇక్కడ టాక్స్ తక్కువని పాండి నంబర్ ప్లేటుతో ఇలాంటి కార్లు దేశమంతా తిరుగుతాయి, మన ఊరి మొహం చూడకుండానే. పెద్దమ్మ కారు మాత్రం మా వీధిలో, మునగచెట్టు కిందే ఉండేది.

"స్కూల్ బస్సు కొన్నావా ఏందక్కా?" అని మామ నవ్వాడు అప్పుడు.

"అవున్రా. నిన్ను మళ్ళా బడిలో దించాల" అంది.

స్పీడ్ పిచ్చి అనుకున్నారు అందరూ. ఈ ఊళ్ళో స్పీడెక్కడ? మిషన్ వీధిలో ఆటోల వెనక, ఆవుల వెనక, టూరిస్టుల సెల్ఫీల వెనక ఇరవైలో పోయేవాళ్ళం. బానెట్ కింద అంత బలం గుర్రుగుర్రుమంటూ కూర్చుని ఉండేది. ఆ సౌండ్ పక్కటెముకల్లో వినపడుతుంది. కాలు కాస్త కదిపితే చాలు, ముందున్న వాళ్ళందరినీ దాటేయొచ్చు. దాటేయొచ్చని తెలిసీ ఊరుకోవడం.

పెద్దమ్మకి అదే ఇష్టం. నాకూ.

కారు బాగా కిందకి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ వస్తే కడుపు గీసుకుంటుంది. అందుకని ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నేను దిగాలి. బరువు తగ్గించాలి, వంగి కిందకి చూడాలి, చెయ్యి ఊపాలి. ఆమె స్టీరింగ్ పక్కకి తిప్పి ఒక్కో చక్రమే ఎక్కించేది.

"తగలదు, రా పెద్దమ్మా."

వెనక బస్సులవాళ్ళు హారన్ కొట్టి చంపేవాళ్ళు. అరియాంకుప్పం పోయి రావాలంటే నేను కారులో కూర్చున్నదానికంటే రోడ్డు మీద నిలబడిందే ఎక్కువ.

కారు కోసం తిరిగానంట.

ఆదివారం పొద్దున్నే, పిళ్ళైచావడి దాటాక రోడ్డు ఖాళీగా కనపడితే, ఒక్కసారి తొక్కేది. ఒక్కసారే. వీపు సీటుకి అతుక్కుపోయేది. కడుపు పిళ్ళైచావడిలోనే ఉండిపోయేది. పెద్దమ్మ పగలబడి నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో ఎవరూ వినలేదు.

పోయినేడు నన్ను డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టింది. తొక్కాను. వెంటనే కాలు తీసేసి పక్కన ఆపేశాను.

"ఏమ్మే, భయమా?"

"ఊ."

"భయం కాదది. నువ్వు చెప్పినట్టు వినేది ఒకటి ఇప్పుడే చూస్తాండావు. అలవాటు లేదు, అంతే."

ఆ రోజే తాళం నా చేతిలో పెట్టింది. "నీ దగ్గరే ఉండనీ. కావల్సినప్పుడు నిన్నే పిలుస్తా."

నిన్న షాపులో ఉండగా గుండెలో నొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగిందట. తర్వాత ఆటో ఎక్కించారు. ఆ ఆటో హార్బర్ దగ్గర చేపల వ్యాన్ల మధ్య ఇరుక్కుంది.

"అంత కారు పెట్టుకోని ఆటోలో పోయింది" అని ఐస్ బాక్స్ పక్కనే ఎవరో అన్నారు. గొంతులో కాస్త తృప్తి కూడా ఉంది.

ఆ టైములో కారు ఇంటి ముందుంది. తాళం నా బ్యాగులో ఉంది. ఆ సంగతి ఎవరూ నాకు గుర్తు చేయక్కర్లేదు.

సాయంత్రం తీసుకెళ్ళారు. ఆడవాళ్ళం వీధి చివర ఆగిపోవాలి. అక్కడే స్పీడ్ బ్రేకర్. పూలు కట్టిన వ్యాన్ మెల్లగా వస్తుంటే నేను ముందుకెళ్ళి వంగాను, చక్రాల కిందకి చూశాను. నా చెయ్యి దానంతట అదే లేచింది. రా, రా అని ఊపింది.

వ్యాన్ దాటింది.

తగల్లేదు.

"పాపం, టాటా చెప్తాంది" అంది పక్కింటి అత్త. అందరూ తలూపారు. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది.

పోయిరా పెద్దమ్మా. ఇక నీ దారి నున్నగా ఉండాలి. దిగి చూసే పని ఎవరికీ పడకూడదు. హాయిగా, శాంతిగా ఉండు.

మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం. చదవడం మాత్రం తిరుపతిలో చదువుకున్నాను కాబట్టి నాకే వచ్చు. ఇది చదివిన వాళ్ళెవరైనా ఈ కింది రెండు ముక్కలు గోపి మామకి వినిపించండి.

తాళం ఇవ్వను.

వచ్చే ఆదివారం కారు తీస్తున్నాను.