అమ్మ కోపం చైనా భాషలో

ఆ రోజుల్లో మా ఇంట్లో కోపం నాన్న సొత్తు. బెజవాడ ఆటోనగర్‌లో మాకు లారీల బ్రేకు సామాను షాపు ఉండేది. అక్కడి మెకానిక్కులు ఆయన్ని వెనకాల 'హారన్ గారు' అనేవాళ్ళు (ముందర కూడా అనేవాళ్ళు, ఆ మోతలో ఆయనకి వినిపించేది కాదు). ఆయన తరవాత వంతు నాది. చదువు అయిపోయి గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కొత్తగా చేరాను. లోకంలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని, ఆ సంగతి ఎవరూ గుర్తించడం లేదని నా మంట. ఇక మిషన్ స్కూల్లో సోషల్ టీచరుగా చేసే అమ్మకి దేవుడు కోపమనేదే పెట్టలేదని నాన్నా నేనూ గట్టిగా నమ్మేవాళ్ళం. ఆ నమ్మకం మాకు చైనాలో పోయింది.

అమ్మ ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. అలాంటిది ఆ ఏడు వేసవి సెలవుల ముందు నాన్నకి అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, చైనా గోడ చూడాలనుందండీ" అంది, చింతపండు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. నాన్న గావుకేక పెడతారని నేను కంచం పట్టుకుని లేవబోయాను. ఆయన పెట్టలేదు. "చూద్దాంలే" అన్నారు, వారం తిరక్కుండానే టికెట్లు కొన్నారు. ఇంత సులువుగా ఎలా ఒప్పుకున్నారా అని నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఆడిటర్ గారిని సెలవు ఎలా అడగాలా అన్న బెంగలో ఉన్నాను.

హైదరాబాద్‌లో మా విమానం ఆలస్యంగా లేచింది. దాంతో దక్షిణ చైనాలో మేం మారాల్సిన రెండో విమానం మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. సరే, ఇంకోదానికి మార్చారు. అదీ రాలేదు. బోర్డు మీద దాని పక్కన ఎర్రక్షరాలు వెలిగాయి. కారణం మైకులో చైనా భాషలో చెప్పారు, తరవాత ఇంగ్లీషులో చెప్పారు (అది ఇంగ్లీషని చివర్లో 'థాంక్యూ' వినబడ్డాక తెలిసింది). ఆ విమానం వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రానని చెప్పరు, వస్తానని చెప్పరు, అడిగినప్పుడల్లా ఒక నవ్వు, ఒక గ్లాసు నీళ్ళు. అవి కూడా వేడినీళ్ళు! "బెజవాడ ఎండల్నుంచి పారిపోయొస్తే ఇక్కడా వేడినీళ్ళేనా?" అని నాన్న ఆ గ్లాసు మీద కేకలేశారు.

"నువ్వు ఇంగ్లీషు మీడియమేగా, అడుగు ఆ అమ్మాయిని" అన్నారు నాతో. ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదని చెబితే, "మరి నీ చదువెందుకు?" అన్నారు. ఒళ్ళు మండి ఫోన్‌లో అనువాదం చేసే యాప్ తెరిచి కౌంటరు మీద పెట్టాను. నాన్న ఫోను లాక్కుని, "ఏవమ్మా, మా ప్లేను ఏ ఊళ్ళో పడుకుంది? అసలు లేస్తుందా లేదా?" అని అరిచారు. ఫోన్ ఏదో చెప్పింది. ఆ అమ్మాయి కంగారుగా నాన్న వైపు చూసి జవాబిచ్చింది. ఫోన్ ఎంతో నెమ్మదిగా మాకు తెలుగులో చెప్పింది: "నిద్రపోయే ఊరు ఇక్కడ లేదు. దయచేసి లేవండి."

"నేను లేచే ఉన్నానమ్మా!" అని నాన్న కౌంటరు మీద గుద్దారు. ఆ అమ్మాయి కూడా గుద్దింది. ఆ తరవాత ఇద్దరూ ఫోన్ అవసరం లేకుండానే, ఎవరి భాషలో వాళ్ళు చాలాసేపు తిట్టుకున్నారు. అంత చక్కగా ఒకరినొకరు అర్థం చేసుకున్న మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు. అమ్మ మాత్రం బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "పోనీలెండి, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు" అంటూ కూర్చుంది.

అలా పడుతూ లేస్తూ బీజింగ్ చేరేసరికి మా సెలవంతా విమానాశ్రయాల్లోనే కరిగిపోయి, తిరుగు ప్రయాణానికి ముందు ఒకే ఒక్క రోజు మిగిలింది. ఆ ఉదయం హోటల్లో టిఫిను దగ్గర నాన్న గొంతు సవరించుకున్నారు. "ఇవాళ మనం ఇక్కడొక బ్రేకు కంపెనీకి వెళ్తున్నాం. ముందే మాట్లాడి పెట్టాను. గోడదేముంది, ఫోన్లో చూద్దాంలే. ఇటుకలే కదా" అన్నారు. టికెట్లు అంత సులువుగా ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. నాకు కోపం నషాళానికి అంటింది. నోరు తెరిచేలోపు అమ్మ చెంచా బల్లమీద పెట్టింది.

"ఇటుకలా?" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పళ్ళేల్లో ఉన్న, ఆవిరి మీద ఉడికించిన పిండిముద్దల్లో ఏ మాంసం పెట్టారో వడ్డించే ఆవిణ్ణి అడగడానికి నేను అప్పుడే యాప్ తెరిచి, హాల్లో గోలగా ఉందని సౌండు పూర్తిగా పెంచి, ఫోన్‌ని బల్లమీద పెట్టాను.

"నా ఉద్యోగమంతా ఆ గోడ గురించి చెప్పానండీ" అంది అమ్మ. ఫోన్ అదే మాట చైనా భాషలో హాలంతా వినిపించేలా చెప్పింది. "ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో 'మీరు చూశారా టీచర్' అంటే లేదమ్మా అని బోర్డు వైపు తిరిగిపోయాను." ఫోన్ చెప్పింది. చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది. "మీ షాపుకి సెలవు లేదని తిరుపతమ్మ అమ్మవారి కల్యాణానికి కూడా ఒక్కదాన్నే వెళ్ళాను. ఏనాడైనా ఒక్కటడిగానా? అడిగితే ఇటుకలా?"

"ఆపవే దాన్ని!" అని నాన్న నా మీద పడ్డారు. నేను చెయ్యి చాచాను.

"ముట్టుకోకు" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "విననీ. అందర్నీ విననీ."

పక్క బల్ల దగ్గర తెల్లజుట్టు ముసలావిడ చేతిలో గిన్నెతోనే లేచి వచ్చింది. నాన్న ముఖంలో ముఖం పెట్టి ఏదో అంది. ఫోన్ అంతే నెమ్మదిగా మాకు చెప్పింది: "గోడలో ఇటుకకి నీకన్నా బుద్ధి ఉంది."

హాలంతా గొల్లున నవ్వింది. ఆటోనగర్ మొత్తాన్ని గడగడలాడించిన మనిషి తలొంచుకుని టీ తాగేశారు. తరవాత బ్రేకు కంపెనీకి ఫోన్ చేసి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "వైఫ్ యాంగ్రీ. గోయింగ్ వాల్. నో బ్రేక్" అన్నారు. అవతలి మనిషికి ఒక్క ముక్క తిరిగి చెప్పాల్సిన పని లేకపోయింది. "ఓ, వైఫ్! యెస్, యెస్!" అని వెంటనే పెట్టేశాడు.

గోడ మీద ఒకటే జనం, ఈడ్చి కొట్టే గాలి. అమ్మ రాతి మీద అరచెయ్యి ఆనించింది. తరవాత నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టే, ఎవరు కట్టించారో ఎందుకు కట్టించారో చెప్పడం మొదలుపెట్టింది. నాన్న చేతులు కట్టుకుని విన్నారు.

"ఇంత గోడ కట్టాక శత్రువులు రాలేదా మరి?" అని అడిగారు.

"వచ్చారండీ."

"మరెందుకు కట్టినట్టు?"

"మీ కేకల్లాంటిదే. చూసేవాళ్ళకి భయం, అంతే" అంది అమ్మ.

నాన్న ఉన్నట్టుండి పెద్దగా నవ్వారు. అమ్మ కూడా చీర కుచ్చిళ్ళు గాలికి పట్టుకుని నవ్వింది. ఎవరో దారినపోయేవాళ్ళు మాకు ఫోటో తీసిపెట్టారు.

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. అందులో వాళ్ళిద్దరూ కళ్ళు మూతలు పడేలా నవ్వుతుంటారు. అంచున నేను, మూతి ముడుచుకుని ఫోన్ ఆకాశానికెత్తి నిలబడి ఉంటాను. అంతసేపూ వాళ్ళ మాటలు మోసిన ఫోన్ నాదే, నాకొక్కరూ థాంక్స్ చెప్పలేదు, పైగా సిగ్నల్ కూడా లేదని కోపం. ఇల్లు తుడిచేటప్పుడల్లా ఆ పిల్లని చూస్తాను. పిచ్చిదానా, మీ అమ్మానాన్నా కలిసి అలా నవ్వడం అదే మొదటిసారి, కాస్త అటు తిరిగి చూడవే అంటాను. తిరగదు. ఫోటో అద్దం మాత్రం శుభ్రంగా తుడిచి వస్తాను.