దారం లేని కుట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో ఉన్నది నాలుగు నెలలకు మించి లేదు. ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కావాలని మొదటిసారి ఊళ్లకు ఊళ్లు లేచిన రోజులవి. మానుకోటలో బడులన్నీ మూతపడ్డాయి. నాకు పదేళ్లు. బడి లేదని లోలోపల సంబరపడిన మాట దాచను.

మా బాపు రైలు స్టేషను గూడ్సు షెడ్డులో హమాలీ. హైదరాబాదులో ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు వినాలని ఆయనకు ఒకటే తహతహ. బజారులో ఒక దుకాణం నుంచి ట్రాన్సిస్టరు రేడియో కిస్తుల మీద తెచ్చాడు. మొదట కొంత కట్టి, మిగతాది నెలనెలా కట్టాలి. అమ్మ ఆ పూట ఆయన కంచంలో అన్నం విసురుగా వడ్డించింది.

కిస్తుకు జామీను కావాలన్నాడు షావుకారు. కొన్నవాడు తప్పితే జామీను ఉన్నవాళ్ల సామాను పట్టుకుపోవచ్చని కాగితం. మా బాపు అడిగితే పక్కింటి అక్క ఆ కాగితం మీద సంతకం పెట్టింది. ఆమె భర్త బొగ్గుబావుల పనికని వెళ్లి ఉత్తరం రాయడం కూడా మానేశాడు. ఇద్దరు చిన్నపిల్లలు. నాలుగేళ్లు మిరప చేలల్లో కూలికి పోయి, కూడబెట్టి, పూర్తి డబ్బు పోసి కొనుక్కున్న కుట్టుమిషను ఒక్కటే ఆమెకు ఆధారం. రేడియో కోసం దాన్ని పణంగా పెట్టినట్టేనని మా బాపుకు తట్టనే లేదు. నెలకొక కిస్తు ఎంత, అనుకున్నాడు.

సాయంత్రమైతే వాడకట్టంతా మా వాకిట్లో కూర్చునేది. రేడియో చెవి మా బాపు తప్ప ఇంకెవరూ తిప్పకూడదు. దానికి కుట్టించిన తొడుగు మా తమ్ముడి అంగీ కంటే మంచి గుడ్డ. బంద్ జరిగిందని వార్తల్లో వింటే ఆయన తొడ చరిచేవాడు. ఆ బంద్ వల్లే ఆయన కూలి కూడా ఆగిందని అమ్మ గుర్తుచేయాల్సి వచ్చేది. రెండు కిస్తులు ఎట్లాగో కట్టాడు. తర్వాత వ్యాగన్లు రావడమే తగ్గిపోయింది. మూడోది కట్టాల్సిన రోజు దాటి పదిహేను రోజులైంది.

ఒక పొద్దున దుకాణం గుమాస్తా ఒక రిక్షావాణ్ని వెంటబెట్టుకుని మా సందులోకి తిరిగాడు. అమ్మ కూలికి వెళ్లింది. బాపు రేడియో చంకన పెట్టుకుని లోపలి గదిలో వడ్ల గుమ్మి వెనక కూర్చున్నాడు. కూర్చునే ముందు నాకు చెప్పాల్సింది చెప్పాడు. నేను గడపలో నిలబడి అదే అప్పజెప్పాను.

"బాపు ఇంట్ల లేడు. రేడియో పట్టుకొని మా మేనత్త ఊరికి పోయిండు."

గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. నేను కళ్లు దించలేదు. అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆయన తల పంకించి, తిన్నగా పక్కింటి మెట్లెక్కాడు. అప్పుడు తెలిసింది నాకు, నా మాట ఆయన్ని ఎక్కడికి పంపిందో. వెనకే పోయి అక్క గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మిషిన్ తీయాలె చెల్లె. కాయితం మీద నీ సంతకమున్నది. నేనేం జేయాలె, షావుకారి మాట," అన్నాడు గుమాస్తా.

అక్క ఏడవలేదు, గొడవపడలేదు. "జర ఆగు అన్నా. గీ లంగ ఇయ్యాల్నే ఇయ్యాలె. గిది అయినంక తీస్కపో," అని మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. ఆయన గోడకు ఆనుకుని బీడీ ముట్టించాడు. రిక్షావాడు గుమ్మం దాకా వచ్చి తాడు సిద్ధం చేసుకుంటున్నాడు.

గుడ్డ ఆ చివర దాకా వెళ్లింది. అక్క దాన్ని తిప్పి మళ్లీ మొదటి నుంచి పెట్టింది. మూడోసారి కూడా అదే అంచు. అప్పుడు చూశాను. సూదిలో దారం లేదు. టకటకా చప్పుడే తప్ప ఆ గుడ్డ మీద ఒక్క కుట్టు పడటం లేదు. అక్క తలెత్తి నా వైపు చూసింది. పిలవలేదు, సైగ చేయలేదు, మళ్లీ తల దించి తొక్కుతూనే ఉంది. మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. మా బాపు గొంతు, రేడియో చప్పుడు పొద్దున్నే ఆమెకు వినబడి ఉంటాయి. ఒక్క మాట చెబితే గుమాస్తా మా ఇంట్లోకే వచ్చేవాడు. ఆమె చెప్పలేదు. మాకు మేమే బయటికి వచ్చే సమయం ఇస్తోంది.

పరుగెత్తాను. "బాపూ, అక్క మిషిన్ పట్కపోతున్నరు. దారం లేకుంటనే కుడుతున్నది," అని ఏడ్చేశాను. బాపు మొదట నా నోరు మూయబోయాడు. తర్వాత ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. గోడ అవతలి నుంచి చప్పుడు వస్తూనే ఉంది. లేచాడు.

సందులో అందరూ చూస్తుండగా రేడియోను రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు. "నేను ఇంట్లనే ఉన్న. నా బిడ్డతోని అబద్ధం జెప్పిచ్చిన. ఇగో రేడియో. ఆ కాయితం మీద మా చెల్లె సంతకం కొట్టెయ్," అన్నాడు. కట్టిన రెండు కిస్తులూ తిరిగి రావని గుమాస్తా అంటే, వద్దన్నాడు. సంతకం మీద సిరా గీత పడేదాకా రేడియో వదల్లేదు.

వాళ్లు వెళ్లిపోయాక బాపు అక్క ముఖం చూడలేక ఎండలోనే నిలబడ్డాడు. "లోపలికి రా అన్నా, నీళ్లు తాగు," అని చెంబు ఇచ్చి, అక్క సూదికి దారం ఎక్కించుకుని ఆ లంగాను మొదటి నుంచి కుట్టడం మొదలుపెట్టింది. దారం నాలుగోసారికి గానీ సూదిలోకి దూరలేదు. అంతసేపు ఆ భయాన్ని ఎట్లా దాచుకుందో అని ఇప్పటికీ తలచుకుంటాను. ఆ తర్వాత బాపు వార్తలను చాయ్ హోటలు ముందు నిలబడే విన్నాడు. నాతో మళ్లీ ఎన్నడూ అబద్ధం చెప్పించలేదు.

ఇప్పుడు మా మనవడికి ఫోనులో వేలితో ఒక్క నొక్కు నొక్కితే అప్పు పుడుతోంది. ఫోను, బండి, చెప్పులు కూడా కిస్తుల మీదే. జామీను సంతకం అక్కర్లేదు అవ్వా, అని నవ్వుతాడు. మొన్న కిస్తు తప్పితే అప్పిచ్చినవాళ్లు వాడి స్నేహితుడికి ఫోను చేసి నానా మాటలన్నారు. అప్పు తీసుకునేటప్పుడు ఆ పిల్లవాడి నంబరు వీడే రాసిచ్చాడట. ఈసారి వాడి ఫోనే మోగగానే "నేను లేనని చెప్పు అవ్వా," అని నా చేతిలో పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "ఉన్నడు బిడ్డా, గీడనే ఉన్నడు," అని చెప్పి ఫోను వాడికే ఇచ్చాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. ఇంట్లో ఉన్న మనిషిని లేడని చెప్పడం నాకు పదేళ్ల వయసులోనే ఆఖరు.